మీసాల కోడలు ఇచ్చిపోయిన పాట

మొన్న పొద్దున నేనింకా పప్పు పొయ్యి మీద పెట్టనేలేదు, ఖమ్మం నుంచి వదిన ఫోన్ చేసి, పెద్దన్నయ్య పాట నీ దగ్గర ఏమైనా ఉన్నదా అని అడిగింది. నేను "ఎందుకు?" అన్నాను. నా "ఎందుకు" ఎట్లా ఉంటుందో నాతో చదువుకున్నవాళ్లకూ, నాతో ఉద్యోగం చేసినవాళ్లకూ, నన్ను కట్టుకున్న పాపానికి మా ఆయనకూ బాగా తెలుసు. అది ప్రశ్న కాదు, వాకిట్లో అడ్డంగా వేసిన మంచం. లోపలికి రావాలంటే దాన్ని దాటుకునే రావాలి.

వదిన దాటుకునే వచ్చింది. పెద్దన్నయ్య పోయి ఏడాది కావస్తున్నదట, చుట్టాలందరూ చేరి ఆయన పాటలు వినిపించాలని అనుకుంటున్నారట, ఆయన పాడినవి టేపులూ సీడీలూ పెట్టెడు ఉన్నాయట గానీ ఒక్క పాట మాత్రం ఎవరి దగ్గరా లేదట. అదే, ఆయన వాళ్లమ్మ మీద, వాళ్ల నది మీద కట్టుకున్న పాట. ఒకప్పుడు వాళ్ల సింధీ ఉగాదికి ఖమ్మం వచ్చినప్పుడల్లా మేడ మీద కూర్చుని పాడేవాడే, ఉన్నట్టుండి ఒక ఏడు మానేశాడే, ఆ పాట. "ఎందుకు బంద్ జేసిండో ఎవ్వరికీ తెల్వదు. నువ్వు ఆయనతోని అడవికి పోయినవు గదా, నీ దగ్గర ఏమన్న ఉంటదేమోనని," అన్నది. లేదని చెప్పాను. అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఎందుకు లేదో మాత్రం నాకు తెలుసు, ఆ మాట ఫోన్లో చెప్పేది కాదు కనుక సాయంత్రం వస్తానని పెట్టేశాను.

ఈ వదిన నా తోడబుట్టిన అన్న భార్య కాదని ముందే చెప్పాలి. పెళ్లయిన కొత్తలో మేము ఖమ్మంలో కిరాయికి దిగిన ఇంటివాళ్లు సింధీలు. కింద వాళ్ల బట్టల దుకాణం, మధ్య అంతస్తులో వాళ్లు, పైన మేము. దుకాణం సేఠును ఊరంతా సేఠూ అంటే, మేడ మెట్ల మీద రోజూ ఎదురుపడే మనిషిని సేఠూ అనడం నాకు నచ్చక అన్నయ్య అన్నాను, ఆ వరసన ఆవిడ వదిన అయింది, హైదరాబాదులో ఉండే ఆయన అన్నగారు పెద్దన్నయ్య అయ్యాడు. వరస కలిపినంత మాత్రాన నమ్మకం కుదురుతుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. పెద్దన్నయ్య కవి, గాయకుడు, టీవీ ప్రొడ్యూసరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి విన్నా నేను కొంచెం వెనక్కి జరిగి కూర్చునే రకం. మూడూ ఒక్క మనిషిలోనే ఉన్నాయంటే ఇంకేం చెప్పను!

మనిషి చూడబోతే ఆజానుబాహువు, ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ, ఆ లాల్చీకి అత్తరు, ముక్కు కింద నల్లరంగు వేసి మెలితిప్పిన బారెడు మీసం. ఎవరైనా పొగిడితే కళ్లు మూసుకుని వినేవాడు, పొగడ్త అయిపోయాక కూడా ఇంకొంచెం సేపు తెరిచేవాడు కాదు. దేశం రెండు ముక్కలైనప్పుడు తల్లి చంకలో ఓడెక్కి బొంబాయిలో దిగాడట. పుట్టిన ఊరు గుర్తు లేదు, సింధునది గుర్తు లేదు, తల్లి పాడిన రాగాలు మాత్రం గుర్తున్నాయట. తన భాషకు ఈ దేశంలో ఒక ఊరు లేదనీ, ఒక ఒడ్డు లేదనీ, తాను సింధీలో రాసేది తన పిల్లలే చదవలేరనీ చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించేవాడు. వినేవాళ్ల కళ్లు చెమర్చేవి, నావి తప్ప. కష్టాన్ని అంత శ్రుతిలో చెప్పుకునేవాళ్లను నేను తొందరగా నమ్మను. ఆయన పడిన కష్టం అబద్ధమని అనడం లేదు, దాన్ని పాడి పాడి నున్నగా చేశాడని అంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. అప్పుడు నేను మధిరలో ఒక జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని, రైల్లో పోయి రైల్లో వచ్చేదాన్ని, ఎండాకాలం సెలవుల్లో జీతం రాదు. సరిగ్గా ఆ సెలవుల్లోనే పెద్దన్నయ్య మేడెక్కి వచ్చాడు. నదుల ఒడ్డున పాడే పాటల మీద ఒక టీవీ కార్యక్రమం తీస్తున్నాడట, గోదావరి వంతు వచ్చిందట, భద్రాచలం అవతల చర్ల దారిలో కోయ ఊరొకటి ఉన్నదట, అక్కడ విత్తనాల పండుగకు ఆడవాళ్లు పాడతారట, నాకు కోయ భాష వచ్చునని వదిన చెప్పిందట, నేను కూడా వస్తే బాగుంటుందట. ఊరి పేరు వినగానే చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

అది నేను పెరిగిన ఊరు. మా నాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో పంతులు. మా అమ్మ పురుడు పోసుకోవడానికి పుట్టింటికి పోయినప్పుడల్లా నన్ను చంకనేసుకుని సాకింది ఆ ఊరి పెద్దవ్వ. కోయ భాష నాకు ఆమె పెట్టిన అన్నంతో పాటే వచ్చింది, ఏ కాలేజీలో నేర్చుకున్నదీ కాదు. ఆ పండుగలో అందరికీ ముందు నిలబడి పాడేది కూడా పెద్దవ్వే. ఆమె పాటకు అంతకు ముందే ఒకసారి ఏం జరిగిందో నాకు తెలుసు కనుకనే, "నేను రాకపోతే మీరు పోతారా?" అని అడిగాను. పోతానన్నాడు. అయితే నేను రావలసిందే అనుకున్నాను. నా వెంట ఆయన పోవడం కాదు, ఆయన వెంట నేను కాపలాకు పోవడం.

ఏం జరిగిందో చెప్తాను. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. విత్తనాల పండుగ నాడు పొద్దున్నే ఆడవాళ్లు విత్తనాల గంపలు గోదావరి దాకా తెచ్చి నీళ్లు చిలకరించి, అక్కడే ముందు నిలబడే పెద్దామె చేత్తో తలా పిడికెడు గింజలు కొంగులో పోయించుకుని చేన్లకు మళ్లుతారు. ఆ ఏడు కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు గింజలకు ఒడి పట్టినప్పుడు, బదులుగా తన పుట్టింటి పాట ఒకటి ఇవ్వాలి. ఆ పొద్దు నుంచి అది ఈ ఊరి విత్తనాల పాట. ఇచ్చిన కోడలు మళ్లీ దాన్ని ఇంకెక్కడా పాడదు, పుట్టింటికి పోయినా పాడదు. అంటే, ఆ ఊరివని చెప్పుకునే పాటలన్నీ ఎక్కడెక్కడి నుంచో కోడళ్లు తెచ్చినవే. చిన్నప్పుడు ఇది నాకు వింతగా తోచలేదు, పెళ్లయి నేను కూడా ఒక ఇంటికి కోడలినయ్యాక, ఇంత మర్యాదగా కోడలిని అడిగిన ఊరు ఇంకొకటి లేదని తెలిసింది. మా అత్తగారింట్లో నన్ను ఏమేం అడిగారో ఇక్కడెందుకు లెండి.

పెద్దవ్వ కొత్త కోడలిగా తెచ్చిన పాటే ఆ ఊళ్లో అన్నిటికంటే పెద్ద పాట. కొన్నేళ్ల కింద పట్నం నుంచి ఎవరో వచ్చి, చదువుకోవడానికని చెప్పి, ఆమె చేత పాడించుకుని టేపులో పట్టుకుపోయారు. మరుసటి ఏడు భద్రాచలం బస్టాండులో క్యాసెట్ల బండి మీద అదే పాట, డప్పులూ ఈలలూ కలిపి, అట్ట మీద రచన ఎవరిదో, గానం ఎవరిదో. ఆ మోత ఆమె పుట్టింటి ఊరి దాకా పోయింది. భూమికి ఇచ్చిన పాటను బజార్లో అమ్ముకున్నదని ఆమె తమ్ముడు ఆమె గడప తొక్కడం మానేశాడు. పండుగకు పుట్టింటి నుంచి రావలసిన మనిషి రాక, ఆమె పాడేటప్పుడు వెనక వరస కట్టేవాళ్లలో ఒక చోటు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని పూడ్చుకోవడానికే పెద్దవ్వ బతుకుతున్నదని నాకు తెలుసు. చెప్పిందా అంటే చెప్పలేదు. కొన్ని మాటలు చెప్తేనే తెలిసేదైతే ఇంక మనుషులు ఎందుకు?

కాబట్టి జీపెక్కక ముందే నా షరతులు చెప్పేశాను. పాట ఎవరిదో ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు తెర మీద పడాలి. అమ్మలేదని ఆమె నోటితోనే చెప్పించాలి, ఆ మాట కోయకూడదు. రచన దగ్గర ఇంకో పేరు కనపడకూడదు. పెద్దన్నయ్య అన్నిటికీ "బిల్కుల్, బిల్కుల్" అన్నాడు. ఒక్కదానికైనా బేరమాడకుండా అన్నీ ఒప్పుకునేవాడిని చూస్తే నాకు అనుమానం రెట్టింపవుతుంది. పాల్వంచ దాటి, గోదావరి వంతెన దాటి, అడవి మొదలయ్యేదాకా నేను అడుగుతూనే ఉన్నాను, చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపి అందరినీ దింపి ప్రశ్నించి వదిలాక ఆయన జీపెక్కుతూ, "బహెన్‌జీ, నీ కంటే వీళ్లే నయం. జల్దీ నమ్మిన్రు," అన్నాడు. కెమెరా మనిషి, సౌండు మనిషి పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

ఊళ్లో దిగాక నేను భయపడ్డంతా అయింది. పెద్దవ్వ మమ్మల్ని కూర్చోబెట్టింది, అంబలి పోసింది, పెద్దన్నయ్య మాట మొత్తం విన్నది. ఆయన హిందీలో చెప్పడం, నేను కోయలో చెప్పడం. పేరు వేస్తానన్నాడు, మాట ఇస్తానన్నాడు, తల్లి మీద ఒట్టు అన్నాడు. అంతా విని ఆమె తాపీగా చెప్పిన మాట మన తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది: "మాట ఎవరైన ఇస్తరు బిడ్డా. మాట తప్పితే నాకు పోయేది ఉన్నది, ఆయనకు పోయేది ఏమున్నది? ఏం పోదు. ఏం పోనోని మాట నేనెట్ల పట్టుకోవాలె?"

దీన్ని నేను హిందీలోకి మార్చి చెప్పినప్పుడు నా గొంతులో కొంచెం సంతోషం ఉండి ఉంటుంది. నా అనుమానం ఇన్నాళ్లూ వెతుక్కుంటున్న మాట అదే. పెద్దన్నయ్య మొహం ఎర్రబడింది. పాట ఇవ్వనన్నదంటే కార్యక్రమం లేదు, పండుగేమో తెల్లారే.

ఆ తెల్లవారుజామున పెద్దన్నయ్య పాఠశాల వరండాలోంచి ఏదో మూట చంకన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గోదావరి వైపు పోవడం చూశాను. నాకు అప్పటికే మెలకువ, పక్కన ఇట్లాంటివాళ్లుంటే నాకు నిద్రపట్టదు. ఆడవాళ్లు నీళ్ల దగ్గరికి వచ్చే వేళ ఎక్కడైనా పొద చాటున కూర్చుని టేపు తిప్పుతాడన్నది నా లెక్క. వెంటపడ్డాను. ఎండాకాలం గోదావరి, అల్లంత దూరం ఇసకలో నడిస్తే గానీ నీళ్లు అందవు. నీళ్ల దగ్గర ఆయన మూట విప్పాడు. అందులో టేపు లేదు. ఒక స్టీలు పళ్లెం, గోధుమ పిండి ముద్దతో చేసిన దీపం, పిడికెడు బియ్యం, చక్కెర. దీపం వెలిగించి పళ్లెం తడి ఇసక మీద పెట్టి, పైజామా పిక్కల దాకా మడిచి నీళ్లలోకి దిగి, బియ్యమూ చక్కెరా నీళ్లలో విడిచి, లాల్చీ ముందు అంచు రెండు చేతులా ఎత్తి పట్టి, గోదావరి ఎదురుగా ఒడి చాపి నిలబడ్డాడు. వాళ్లలో నీళ్లనే దేవుడిగా కొలుస్తారని, ఏది కావాలన్నా నీళ్ల ముందు ఇట్లా కొంగు చాపి పాడతారని వదిన చెప్పగా విన్నాను గానీ, అంత మీసమున్న మనిషి, అంత అత్తరు మనిషి, బిచ్చగాడిలా నిలబడటం చూడటం అదే మొదలు. అప్పుడు ఆ పాట ఎత్తుకున్నాడు, వాళ్లమ్మ పాట. మేడ మీద చాలాసార్లు విన్నదే. అక్కడ వినేవాళ్ల కోసం పాడేవాడు, ఇక్కడ ఎవరూ లేరనుకుని పాడుతున్నాడు, గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించడం లేదు. అయినా నాకు ఒక సందేహం ఉండనే ఉంది, నేను వెనకున్నది ఈయనకు తెలుసునేమో అని.

ఇంతలో గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వచ్చారు, ముందు పెద్దవ్వ. నీళ్లలో ఒడి పట్టి నిలబడి పాడుతున్న మనిషిని చూసి అందరూ ఆగిపోయారు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఏం చేస్తున్నడే అని పెద్దవ్వ నన్నడిగితే, అడుగుతున్నడు అన్నాను, ఏమడుగుతున్నడంటే నాకు తెల్వదన్నాను. ఆమె గంప దించి, నీళ్లలోకి దిగి, పిడికెడు విత్తనాలు తీసి ఆయన చాపిన లాల్చీలో పోసింది.

పాట మధ్యలో ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఒడ్డున ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో, "మన ఊరికి మీసాల కోడలొచ్చిందే!" అన్నారు. ఇంకొకామె, "వంట వచ్చునో రాదో అడుగుండ్రి," అన్నది. పెద్దవ్వ మాత్రం నవ్వలేదు. "ఒడి పట్టినోళ్లను ఉత్తగ పంపేది లేదు. పాట సగమే అయింది, మిగతాది కూడ ఇయ్యమను," అన్నది.

నేను ఆ పద్ధతంతా ఆయనకు వివరంగా, ఎక్కడా ఏదీ వదలకుండా చెప్పాను. ఎట్లా జారుకుంటాడో చూద్దామని చెప్పాను. ఆయన మొహం చూస్తుండగానే పాలిపోయింది. ఆ పాట బొంబాయిలో ఎవరో అడుగుతుంటే కూడా ఇవ్వకుండా దాచుకున్నాడట, ఈ కార్యక్రమానికే అది మొదటి పాటగా పెట్టాలనుకున్నాడట. వేరే పాటలు బోలెడున్నాయి, ఇంకొకటి ఇస్తానని చెప్పమన్నాడు. చెప్పాను. గింజలు ఒడిలో పడ్డప్పుడు నోట్లో ఏ పాట ఉన్నదో అదే పాట అన్నది పెద్దవ్వ, ఇష్టం లేకుంటే గింజలు గంపలో పోసి పొమ్మను, పాపమేం లేదు అని కూడా అన్నది. ఆ రెండో మాట నేను చెప్పకపోతే ఆయనకు తెలిసేది కాదు. కానీ చెప్పాను, అదీ మాట మార్చకుండా. నాకు ఆయన మీద అనుమానం ఉన్నది గానీ భాష మీద లేదు.

ఆయన ఒడి అట్లాగే పట్టుకుని నీళ్లలోంచి వచ్చి ఇసక మీద కూర్చున్నాడు. మడికట్ల మీద ఎండ పడేదాకా పండుగ ఆగింది. ఆ తరువాత తల ఎత్తి, పెద్దవ్వ వైపు కాదు, నా వైపు చూసి, "ఇప్పుడు నాకు కూడా పోయేది ఉన్నది గదా, బహెన్‌జీ. చెప్పు ఆమెకు," అన్నాడు.

చెప్పాను. పెద్దవ్వ ఆయన పక్కన ఇసకలో చతికిలబడి, సరే, పాడమన్నది.

ఆ పొద్దంతా ఆయన ఒక్కొక్క ముక్క చెప్పడం, వాళ్లు అనడం. సింధీ మాటలు ఆ నోళ్లలో గుండ్రంగా అరిగి వేరే అయిపోయాయి, ఆయన మొదట్లో దిద్దబోయి తరువాత మానేశాడు. పొద్దు వాలుతుండగా, చివరిసారి తాను ఒక్కడినే మొత్తం పాడతానన్నాడు. ఎందుకో నా కన్ను సౌండు మనిషి మీదికి పోయింది. ఒళ్లో రికార్డరు పెట్టె, పెట్టె మీద తువ్వాలు, తువ్వాలు కింద ఎర్రగా ఒక చుక్క వెలుగుతున్నది. నేను లేచి వెళ్లి, తువ్వాలు తీసి, పెట్టె అడుగు మూత తెరిచి బ్యాటరీలు ఊడబీకాను.

ఆయన పాట ఆపి నా మీదికి వచ్చాడు. ఒక్కసారికి, తన కోసం, ఎవ్వరికీ వినిపించనని, తనకు ముసలితనంలో గొంతు పోయాక వినడానికని. మొదట కోపంగా, ఆ తరువాత బతిమాలుతూ. ఇచ్చినాక ఇచ్చినట్టే అన్నాను. నువ్వు మనిషివేనా అన్నాడు. మనిషిని కనుకనే ఊడబీకానన్నాను. ఈ గొడవేందని పెద్దవ్వ అడిగితే ఆమెకు చెప్పాను. ఆమె లేచి వచ్చి ఆ పెట్టెను వంగి అటూ ఇటూ చూసి అడిగింది: "గీ డబ్బ ఒడి పడ్తదా?"

అంతే. ఈ పాట కోసం విత్తడం రేపటికి ఆగింది కనుక, అప్పటిదాకా ఎన్నిసార్లయినా పాడుకొమ్మన్నది, డబ్బకు కాదు, మనుషులకు. ఆయన పాడాడు. నేను బ్యాటరీలు పిడికిట్లో పట్టుకుని ఎదురుగా కూర్చుని విన్నాను. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదని ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు, రుజువు నా పిడికిట్లోనే పోయింది గదా. అయినా మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ ఊడబీకుతాను.

మర్నాడు పెద్దవ్వ, తన పాట ముందే డబ్బకెక్కింది గనుక నిందైనా పోవాలని, కెమెరా ఎదుట నిలబడి, నా పాట నేను అమ్మలేదు, ఈ భూమికి ఇచ్చిన, నా తమ్ముడు ఎక్కడున్నా వినాలె అని చెప్పి, పాడింది. మేము వచ్చేశాం. వానాకాలంలో కార్యక్రమం వచ్చేరోజు వదిన వాళ్ల టీవీ ముందు నేను కాయితం కలం పెట్టుకుని కూర్చున్నాను, ఏ మాట కోశారో రాసుకుని ఆయన మొహాన కొడదామని. కాయితం తెల్లగానే మిగిలింది. ఆమె మాట పూర్తిగా వచ్చింది, పేరు, ఇంటిపేరు, ఊరు పెద్ద అక్షరాల్లో వచ్చాయి. ఆయన పేరు చివరన, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడనంత. పై ఏడు పండుగకు పెద్దవ్వ తమ్ముడు ఒక గంప విత్తనాలు నెత్తిన పెట్టుకుని వచ్చాడనీ, అక్క గడపలో దించి వెనక వరసలో తన చోట్లో నిలబడ్డాడనీ ఊరివాళ్లు చెప్పారు. ఇద్దరూ ఏడ్చారా అని అడిగితే, పాడేటప్పుడు ఏడిస్తే గొంతెట్ల వస్తది అన్నారు.

అయినా నా పని అయిపోలేదు. ఆమె మాట నిలిచింది సరే, ఆయన మాటో? ఏటా వాళ్ల ఉగాదికి పెద్దన్నయ్య ఖమ్మం రావడం, మేడ మీద మనుషులు చేరడం, ఆ నది పాట పాడమని బలవంతపెట్టడం, ఆయన గొంతు బాగాలేదని అనడం. నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. అందరూ నాకు సంగీతం పిచ్చి పట్టుకుందని అనుకున్నారు. ఒక ఏడు చుట్టాలు మరీ పట్టుపట్టారు, ఆయన తల్లి పేరు తెచ్చి మరీ అడిగారు, ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఒక కిళ్లీ పెట్టుకుని, నా వంక చూసి, మీసం మెలేశాడు. నాకు భయపడి పాడలేదో, ఇచ్చిన మాటకు కట్టుబడి పాడలేదో, అసలు నేను లేని చోట హైదరాబాదులో తలుపులేసుకుని పాడుకున్నాడో, నాకు ఈనాటికీ తెలియదు. వదిన మొన్న ఫోన్లో ఎవరి దగ్గరా లేదన్నప్పుడు మాత్రం, పప్పు పొయ్యి మీద పెట్టడమే మరిచిపోయాను.

సాయంత్రం పోయాను. కింద బట్టల దుకాణం లేదిప్పుడు, ఫోన్లు అమ్మే షాపుకు కిరాయికిచ్చారు. మెట్ల మీద కొత్త బట్టల గంజి వాసన కూడా పోయింది. వదినకు మొత్తం చెప్పాను, బ్యాటరీలతో సహా. ఆవిడ, "అంటే నీ వల్లనే లేదు," అన్నది. అవునన్నాను. "మంచిపని చేసినవో చెడ్డపని చేసినవో నాకు తెలుస్తలేదు," అన్నది. నాతో వాదన పెట్టుకోవాలనుకుంటే రేపు తీరికగా పెట్టుకుందాం, ముందు ఇది విను అని, నా ఫోను తీశాను.

పెద్దవ్వ ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు అదే ఊళ్లో టీచరు, పండుగకు ఆడవాళ్లు పాడింది ఏటా ఫోన్లో తీసి నాకొక్కదానికే పంపుతుంది, ఎవ్వరికీ పంపొద్దని ప్రతిసారీ కింద రాస్తుంది. ఆ పిల్ల వేరే ఎవరికీ పంపడం లేదని నాకేం నమ్మకం లేదు, అది వేరే సంగతి. ఊరికి రోడ్డు పడింది, టవరు వచ్చింది, పండుగ నాడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గోదావరి ఒడ్డున వరసగా నిలబడి తీసుకుపోయేవాళ్లు పాడేవాళ్ల కంటే ఎక్కువయ్యారట. వీడియోలో వాళ్లు కూడా కనపడుతుంటారు. అందరి చేతులూ పైకే, ప్రతి చేతిలో ఒక ఫోను. ఏదైనా కావాలంటే చేతులు కిందికి దించి ఒడి పట్టి అడిగిన కాలంలో పెరిగినదాన్ని నేను, అట్లా అడిగిన చివరి మనిషిని చూసింది కూడా నేనేనేమో, ఆయన్నీ నేను నమ్మలేదు.

పాట మొదలైంది. సింధీ మాటలు ఆనవాలు లేకుండా అరిగిపోయాయి, వదినకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. రాగం అదే. రెండో చరణానికి వచ్చేసరికి ఆవిడ ఫోను ఒళ్లో పెట్టుకుని, తనకు తెలియకుండానే చీర కొంగు రెండు చేతుల్లోకి తీసుకుని, ముందుకు చాపి పట్టుకున్నది. వాళ్లింట్లో ఎవరూ లేరు, కింద షాపులో ఎవరో ఫోను మోతలు ఒకటొకటే మోగించి చూసుకుంటున్నారు. పాట అయిపోయింది. వచ్చే పండుగకు నాతో రా వదినా, అక్కడ నిలబడి విను అన్నాను. తల ఊపింది.

లేచేటప్పుడు ఆవిడ ఒళ్లోంచి నా ఫోను తీసుకుని, ఎందుకైనా మంచిదని, ఎవరికైనా పంపుకుందేమోనని ఒకసారి చూశాను. పంపుకోలేదు. కొంగు ఇంకా అట్లాగే పట్టుకుని ఉన్నది.